మదరాసును ఊడ్చిన తెలుగు

మదరాసు గురించి మనం రాసుకున్న చరిత్రకి ఒక ఖాయమైన వరస ఉంది. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఆ ఇసక తీరాన్ని రాసివ్వడం, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం, వావిళ్లవారి ప్రెస్సు, ఆంధ్రపత్రిక, వాహినీ స్టూడియో, పొట్టి శ్రీరాములు. చివర్లో "మదరాసు మనదే" అన్న నినాదం, 1953 అక్టోబరు 1న మదరాసు లేకుండా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం, ఒక నిట్టూర్పు.

అప్పట్లో హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మా కుల్కచర్ల వైపు వాళ్లకి ఈ నిట్టూర్పుతో పెద్దగా పని లేదు. అందుకేనేమో నాకు వేరే ప్రశ్న వస్తుంది. ఆ రోజు తర్వాత కూడా మదరాసులోనే ఉండిపోయి, పొద్దున్నే లేచి ఆ ఊరిని ఊడ్చిన తెలుగువాళ్లు ఈ చరిత్రలో ఎక్కడున్నారు?

మదరాసు కార్పొరేషన్ 1688 సెప్టెంబరు 29న మొదలైంది. మన దేశంలో అన్నిటికన్నా పాతది. దాని మొదటి ఆల్డర్‌మన్లలో చిన వెంకటాద్రి అనే తెలుగు వర్తకుడు ఉన్నాడు. ఆయన పేరు పుస్తకాల్లో దొరుకుతుంది. తర్వాతి కాలంలో అదే కార్పొరేషన్ కింద పాయిఖానాలు ఎత్తి, చెత్తబండ్లు లాగినవాళ్లలో చాలామంది నెల్లూరు వైపు నుంచీ, ఇంకా పైనున్న తెలుగు జిల్లాల నుంచీ వలస వచ్చిన మాదిగలు. వాళ్ల పేర్లు దొరకవు. కానీ వాళ్ల ఆనవాలు ఒకటి ఇంకా ప్రభుత్వ కాగితాల మీద ఉంది.

2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీల 18 శాతం కోటాలో అరుంధతీయులకు 3 శాతం విడిగా ఇచ్చింది. ఆ వర్గం కింద ఏడు కులాల పేర్లున్నాయి. అందులో మాదిగ, తోటితో పాటు "ఆది ఆంధ్ర" ఒకటి. ఆ మాటకి ఒక చరిత్ర ఉంది. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకి హైదరాబాద్ నుంచి వెళ్లిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పంచములు అన్న మాట వద్దు, మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించుకుంది. ఆత్మగౌరవం కోసం పెట్టుకున్న పేరు అది. రాష్ట్రం విడిపోయింది, ఆంధ్రపత్రిక మూతపడింది, స్టూడియోలు హైదరాబాద్‌కి కదిలాయి. తమిళనాడు కులాల జాబితాలో మాత్రం "ఆంధ్ర" అన్న మాట వీళ్ల దగ్గర ఉండిపోయింది.

భాష అలా ఉండలేదు. 2006 చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు తమిళంలోనే చదువుకున్నారు. వాళ్లలో చాలామందికి తెలుగు చెవికి తెలిసిన భాషే తప్ప కంటికి తెలిసింది కాదు. తెలుగు మహాసభలు పెట్టుకునే మనకి ఇదొక భాషా సమస్యగా ఎప్పుడూ తట్టలేదు.

పని కూడా మారింది. చెత్త ఎత్తే పనిని ప్రైవేటుకివ్వడం చెన్నైలో 2000లో ఓనిక్స్ కంపెనీతో మొదలైంది. తర్వాత నీల్ మెటల్ ఫనాల్కా, ఆ తర్వాత హైదరాబాద్‌కి చెందిన రాంకీ. 2020లో ప్రభుత్వం ఈ కార్మికుల పేరుని "తూయ్మై పణియాళర్" అని, అంటే శుచి పనివారని, గౌరవంగా మార్చింది. పేరు మారింది గానీ ఉద్యోగం పర్మనెంటు కాలేదు.

2025 ఆగస్టు 1న రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల కార్మికులు రిపన్ బిల్డింగ్ బయట పేవ్‌మెంట్ మీద కూర్చున్నారు. దాదాపు 2 వేల మంది, ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ రెండు జోన్లు రాంకీకి వెళ్తున్నాయి. నెలకి సుమారు 23 వేలు వచ్చే జీతం 16 వేల చిల్లరకి పడుతుందనీ, ఏళ్ల తరబడి చేసిన సర్వీసు లెక్కలోకి రాదనీ వాళ్ల భయం. హైకోర్టు ఉత్తర్వు తర్వాత ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వాళ్లని అక్కడి నుంచి ఎత్తేశారు.

ఒక్కసారి ఆ దృశ్యాన్ని మన చరిత్ర పుస్తకం పక్కన పెట్టి చూడండి. కాంట్రాక్టు తెలుగు కంపెనీది. చీపుర్లు పట్టుకున్నవాళ్లలో చాలామంది ఇంటి భాష తెలుగు. ఊరు, మనం "మనదే" అన్న మదరాసు. అయినా తెలుగు పత్రికల్లో దీన్ని తెలుగువాళ్ల వార్తగా రాసినవాళ్లు ఎంతమంది?

చెన్నై రోజుకి 5 వేల టన్నులకి పైగా చెత్త పుట్టిస్తుంది. అందులో చాలా భాగం ఏళ్లపాటు ఉత్తరాన కొడుంగయ్యూర్‌కి, దక్షిణాన పెరుంగుడికి వెళ్లింది. పెరుంగుడి డంపు పళ్లికరణై చిత్తడినేల మీద ఉంది. దాని చుట్టుపక్కలే ఓఎమ్మార్ ఐటీ ఆఫీసులు. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లిన మాలాంటి ఇంజినీర్లకి ఆ రోడ్డు బాగా తెలుసు. అక్కడి నుంచి చూస్తే తెలుగు మదరాసులో ఇప్పుడు రెండే పెద్ద గుంపులు కనిపిస్తాయి: ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చినవాళ్లు, తరాలుగా చీపురు పట్టుకుని ఉన్నవాళ్లు. ఇద్దరూ ఒకే భాష మాట్లాడతారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

మదరాసు తెలుగు చరిత్రలో ఇంకా రాయాల్సిన అధ్యాయం ఇదే. దానికి ఆధారాలు కార్పొరేషన్ సర్వీసు రిజిస్టర్లలో కొన్ని ఉంటాయి. మిగిలినవి ఉత్తర చెన్నై క్వార్టర్లలో, రిటైరైన అవ్వల నోళ్లలో ఉన్నాయి. వాళ్ల మనవలకి ఆ కథలు తెలుగులో వినడం ఇంకా వచ్చు. ఆ తర్వాతి తరానికి వస్తుందని చెప్పలేం.