హాకీలో ముందు తిరగాల్సింది ఎడమ చెయ్యి

హాకీ కర్ర మొదటిసారి చేతికొచ్చిన పిల్లవాడు ముందుగా చేసేది బంతిని బలంకొద్దీ బాదడం. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఈ తొందర మరీ ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. ఇక్కడి పిల్లల చేతులు హాకీకి రాకముందే రెండు ఆటల్లో అలవాటు పడతాయి. బిళ్లంగోడులో బిళ్లను గాల్లోకి లేపి కొట్టడమే గొప్ప. గోడు గుండ్రంగా ఉంటుంది కనుక ఏ వైపుతో కొట్టినా ఒకటే. వీధి క్రికెట్‌లో బ్యాటును అడ్డంగా ఊపేటప్పుడు కింది చెయ్యి, అంటే చాలామందికి కుడి చెయ్యి, పెత్తనం చేస్తుంది. హాకీ ఈ రెండింటికీ ఎదురు నడుస్తుంది. హాకీ కర్రకు ఎడమ పక్క ఒక్కటే చదును. ఎడమచేతి వాటం వాళ్లకు వేరే కర్ర ఉండదు. కర్రను తిప్పేది పైన ఉన్న ఎడమ చెయ్యి, కుడి చెయ్యి దానికి ఆసరా మాత్రమే. ఎదుటివాళ్ల మీదికి ప్రమాదంగా బంతిని లేపితే ఫౌల్. అందుకే కొత్తగా ఆట నేర్చుకునేవాళ్లకు మొదట రావాల్సింది బంతిని ఆపడం, కర్రను తిప్పడం అనీ, హిట్ ఆ తర్వాత అవే చేతుల నుంచి పుట్టాలనీ నా వాదన. భారత హాకీ నడిచిన దారే ఇందుకు సాక్ష్యం.

ఈ ఆటను మన దేశానికి తెచ్చింది బ్రిటిష్ సైన్యం. 1885 ప్రాంతంలో కలకత్తాలో క్లబ్బులు మొదలయ్యాయి, 1895లో బైటన్ కప్ వచ్చింది. తెలుగు నేల మీద సికింద్రాబాద్ కంటోన్మెంటు, రైల్వే కాలనీలు, పోలీసు పరేడ్ గ్రౌండ్లు, మిషన్ స్కూళ్లు దీన్ని నిలబెట్టాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన కర్ర యాష్ చెట్టు కలపతో చేసింది, దాని కొన పొడవుగా సాగి ఉండేది. అలాంటి కర్రను బంతి మీదుగా అటూ ఇటూ చటుక్కున తిప్పడం కష్టం. సియాల్‌కోట్ పనివాళ్లు మల్బరీ కలపను వాడి, కొనను బాగా వంచి, పొట్టిగా చేశారు. దేశ విభజన తర్వాత ఆ పనివాళ్లలో చాలామంది జలంధర్ చేరారు, ఆ పనితనమూ వాళ్లతోనే వచ్చింది. కొన పొట్టిదయ్యాక కర్ర బంతికి కుడివైపు నుంచి ఎడమవైపుకు రెప్పపాటులో మారగలిగింది. ప్రపంచం ఇండియన్ డ్రిబుల్ అని పిలిచిన విద్యకు పునాది ఇదే. ఇంగ్లండు తడి పచ్చికతో పోలిస్తే గట్టిగా, పొడిగా ఉండే మన నేలలు కూడా దీనికి తోడయ్యాయి. అంటే మన హాకీకి పేరు తెచ్చిన మార్పు దెబ్బ బలాన్ని పెంచడానికి జరగలేదు, మణికట్టుకు పని కల్పించడానికి జరిగింది.

ధ్యాన్‌చంద్ కథను మాయ కింద, మంత్రం కింద చెప్పడం మనకు అలవాటు. అది ఆయన శ్రమకు అన్యాయం. 1922లో సైన్యంలో చేరిన ఆ కుర్రవాడు పగటి డ్యూటీ ముగిశాక వెన్నెల వెలుగులో సాధన చేసేవాడు. ఆ మసక వెలుతురులో బంతిని కంటికన్నా ఎక్కువగా కర్ర స్పర్శతోనే కనిపెట్టాలి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత్ 29 గోల్స్ కొట్టి, ఒక్కటీ ఇవ్వకుండా స్వర్ణం గెలిచింది. 1932లో లాస్ ఏంజెలిస్‌లో అమెరికాపై 24-1 తేడాతో గెలిస్తే, అందులో తమ్ముడు రూప్‌సింగ్‌వి 10, ధ్యాన్‌చంద్‌వి 8. ఈ లెక్కను హిట్ బలానికి రుజువుగా చూపేవాళ్లు ఆటలోని ఒక మూల నియమాన్ని మరిచిపోతున్నారు. గోల్ ముందు గీసిన సర్కిల్ బయటి నుంచి ఎంత గట్టిగా కొట్టినా, ఎవరి కర్రా తగలకుండా బంతి నేరుగా వలలో పడితే అది గోల్ కాదు. బంతిని సర్కిల్‌లోకి మోసుకెళ్లాలి, లేదా అక్కడున్న తోటివాడికి అందించాలి, అతను దాన్ని మొదటి తాకిడిలోనే అదుపు చేయాలి. అన్నదమ్ములిద్దరే 18 గోల్స్ కొట్టారంటే ఆ అందించడం, అందుకోవడం ఎంత చక్కగా సాగి ఉండాలి! 

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. 1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ గెలిచిన భారత్, మరుసటి ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానానికి పడిపోయింది. ఒలింపిక్ హాకీని కృత్రిమ టర్ఫ్ మీద ఆడటం అదే మొదలు. బంతి చదునుగా, వేగంగా దూసుకెళ్లే ఆ నేల మీద యూరప్, ఆస్ట్రేలియా జట్ల పొడవాటి పాసులు, బలమైన హిట్లు, పరుగు గెలిచాయనీ, మన డ్రిబ్లింగ్ ముచ్చట అక్కడితో ముగిసిందనీ చాలామంది అంటారు. ఇందులో సగం నిజం. ఒంటరిగా ముగ్గుర్ని దాటాలని చూసే ఆటకు టర్ఫ్ మీద కాలం చెల్లింది. అయితే వేగంగా వచ్చే బంతిని ఆపలేనివాడికి టర్ఫ్ ఇంకా పెద్ద శత్రువు. పాసుల ఆటలో ప్రతి పాసుకూ ఒక ట్రాప్, అంటే బంతిని ఆపడం, ఉంటుంది, ఆ ట్రాప్ చెడితే హిట్ ఎంత అందంగా కొట్టినా బంతి ఎదుటి జట్టుదే. పైగా టర్ఫ్ యుగంలో అత్యంత ప్రమాదకరమైన ఆయుధం హిట్ కానే కాదు, డ్రాగ్‌ఫ్లిక్. పెనాల్టీ కార్నర్‌లో మొదటి షాట్‌ను హిట్‌గా కొడితే బంతి 460 మిల్లీమీటర్లకు మించకుండా గోల్ గీత దాటాలి. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. అందుకే బంతిని కర్రకు అంటిపెట్టుకుని లాగి విసిరే విద్య పెరిగింది. పాకిస్తాన్ ఆటగాడు సొహైల్ అబ్బాస్ దానితోనే ప్రపంచాన్ని భయపెట్టాడు. 2024 పారిస్‌లో పది గోల్స్ కొట్టిన హర్మన్‌ప్రీత్ సింగ్‌కూ పెద్ద ఆయుధం ఇదే. ఆ బలమంతా కర్రకూ బంతికీ మధ్య తాకిడి ఎక్కువసేపు నిలవడంలోనే ఉంది.

మన నల్లరేగడి సంగతికి వద్దాం. చిలకలూరిపేట, పర్చూరు, సత్తెనపల్లి వైపు నేల వానాకాలంలో కాళ్లకు అంటుకునే జిగురు, వేసవిలో నెర్రెలు విచ్చిన గట్టి పెళ్ల. ఆ గ్రౌండులో బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. అలాంటి చోట కొత్తవాడిని హిట్‌తో మొదలుపెట్టిస్తే, ఎగిరే బంతిని అందుకోవడానికి కర్రను పైకెత్తి ఊపడం అలవాటవుతుంది, ఆ అలవాటు తర్వాత విడవదు. అదే సమయంలో ఈ పల్లెల్లో చదునైన నేల లేకపోలేదు. మిరపకాయ ఆరబోసే కల్లాలు ఉన్నాయి. కోతలు అయిపోయి, సరుకు గుంటూరు యార్డుకో శీతల గిడ్డంగికో చేరాక, మే నెలలో చాలా కల్లాలు ఖాళీగా పడి ఉంటాయి, బడికి సెలవులు కూడా అప్పుడే. రోలరుతో తొక్కించి అలికిన కల్లమైనా, సిమెంటు కల్లమైనా, పొద్దున్నే ఎండ ముదరక ముందు పది పన్నెండు మంది పిల్లలకు కర్ర పని నేర్పడానికి చాలు. పూర్తి హాకీ మైదానం 91.40 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. బంతిని ఆపి, తిప్పి, పది అడుగులు తోయడం నేర్చుకోవడానికి అంత జాగా అక్కర్లేదు. హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, ఇంచుమించు క్రికెట్ బంతి బరువే. కాబట్టి మొదటి నెలల్లో అసలు బంతి దొరకలేదని ఆగాల్సిన పనీ లేదు.

ఆ కల్లం మీద చేయాల్సిందేమిటి? ఎడమ చెయ్యి కర్ర పై కొసన, కుడి చెయ్యి కర్రకు సుమారు సగం కింద. ఎడమ మణికట్టు తిప్పుతుంటే కర్ర కుడి పిడికిట్లో, గొట్టంలో ఊచలా, స్వేచ్ఛగా తిరగాలి. కుడి పిడికిలి బిగిస్తే తిరుగుడు ఆగిపోతుంది. క్రికెట్ నుంచి వచ్చిన పిల్లలందరూ పడే ఇబ్బంది ఇదే, ఉపాధ్యాయుడు మొదటి రోజు నుంచే దీన్ని గమనించి సరిదిద్దాలి. బంతిని పాదాల ముందు కాస్త దూరంగా ఉంచి, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తడుతూ పోవాలి, తల కాస్త ఎత్తి ఉండాలి. ఆపేటప్పుడు చేతులు మెత్తబడాలి, బిగిసిన చేతుల్లో కర్రకు తగిలిన బంతి వెనక్కి తుళ్లుతుంది. ఈ రెండూ వచ్చాక తోయడం, ఆ తర్వాతే హిట్. హిట్‌కు రెండు చేతులూ కర్ర పైభాగంలో దగ్గరకు చేరతాయి, ఎడమ భుజం లక్ష్యం వైపు తిరుగుతుంది, బంతి ముందుకు వేసిన ఎడమ పాదానికి తిన్నగా ఉంటుంది, ఒంటి బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి జారుతుంది. బంతి ముందుకు పోతే ఎగురుతుంది, వెనక్కి ఉంటే చిక్కిపోతుంది. కొత్తవాడి హిట్ గాల్లోకి లేస్తే మనం భుజ బలాన్ని నిందిస్తాం. చాలాసార్లు తప్పు పాదంలో ఉంటుంది. బంతి ఎక్కడుందో చేతికి తెలిసినవాడు ఆ పాదాన్ని తనంతట తానే సర్దుకుంటాడు.

టర్ఫ్ లేకుండా ఇదంతా వృథా అనేవాళ్లు ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాను చూడాలి. సౌనామారా అనే పల్లె నుంచి వచ్చిన దిలీప్ టిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యారు. ఆ ప్రాంతపు పిల్లలు వెదురు కర్రలతో మట్టి నేల మీద మొదలుపెడతారు, ఊరి పోటీల్లో గెలిచిన జట్టుకు మేకను బహుమతిగా ఇస్తారు. టర్ఫ్ వాళ్లకు తర్వాత దొరికింది. తెలుగు నేల నుంచి కూడా హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని యనమలవారిపల్లె నుంచి ఇ. రజని భారత జట్టు గోల్‌కీపర్ అయ్యారు. అయితే ఇలా చెప్పి ప్రభుత్వాన్ని తప్పించుకోనివ్వకూడదు. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి టర్ఫ్ మీద ఆడని పిల్లలకు రాష్ట్ర జట్టు సెలక్షన్లలో చుక్కెదురవుతుంది. కాబట్టి ఈ రెండు ఉమ్మడి జిల్లాల పిల్లలకు ఏటా కొన్ని వారాలైనా టర్ఫ్ శిక్షణ హక్కుగా దక్కాలి. అంతవరకూ జిల్లా స్కూల్ గేమ్స్ ఎంపికల్లో ఒక చిన్న మార్పు చేయొచ్చు. అండర్-14 పిల్లలను ఎవరు ఎంత దూరం కొట్టారని చూడటం మాని, వచ్చే బంతిని పదిసార్లలో ఎన్నిసార్లు ఆపారో, తల ఎత్తి ఎంత దూరం నడిపించారో చూడాలి. ఎంపిక దేన్ని అడిగితే పీఈటీలు దాన్నే నేర్పుతారు.