విశ్రాంత ఆవిరి ఇంజన్ల పరిరక్షణ: తెలుగు ప్రాంతపు అనుభవం

చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. దక్షిణ భారతదేశంలో తొలి రైలు 1856 జులై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. నిఘంటువుకూ రైలుకూ మధ్య నాలుగేళ్ల ఎడం. ఆ ఎడం తరవాత తెలుగులో ఒక కొత్త పదజాలం పెరిగింది. పొగబండి, ధూమశకటం, టేసను, పట్టాలు, షెడ్డు, బాయిలరు, ఫైర్‌మన్ వంటి మాటలు కొన్ని పండితులు కూర్చినవి, కొన్ని కూలీలు తమ నోటికి అనువుగా మలచుకొన్నవి. వాటిలో కొన్నిటికి ఇప్పుడు పని లేదు. ఆ మాటలను పుట్టించిన యంత్రానికీ పని లేదు. దానిని మాత్రం అక్కడక్కడ సంగ్రహాలయాల్లో, ఉద్యానాల్లో, రైల్వే కార్యాలయాల ముంగిట దిమ్మెల మీద నిలిపి ఉంచారు. ఇలా నిలపడం ఏ మేరకు చరిత్ర పరిరక్షణ, ఏ మేరకు అలంకరణ అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. పాత చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని మూడు ఊళ్లను ఇందుకు ఆధారంగా తీసుకొంటున్నాను.

కుప్పం, మదనపల్లె, పుంగనూరు ఒకదానికొకటి దూరమైనవి కావు. అయినా రైలుతో వాటి సంబంధం మూడు తీరులుగా ఉంది. జోలార్‌పేట నుంచి బెంగుళూరుకు మద్రాసు రైల్వే వేసిన బ్రాడ్‌గేజి మార్గం 1864లో ప్రారంభమైంది. కుప్పం ఆ మార్గం మీది ఊరు. మదనపల్లెకు రైలు వచ్చింది 1890లలో. అది దక్షిణ భారత రైల్వే వారి పాకాల–ధర్మవరం మీటరుగేజి మార్గం. అది కూడా ఊళ్లోకి రాలేదు. పట్టణానికి పది కిలోమీటర్లకు పైగా దూరాన చిన్నతిప్పసముద్రం దగ్గర స్టేషను కట్టి, దానికి ‘మదనపల్లె రోడ్డు’ అని పేరు పెట్టారు. స్టేషను పేరు చివర ‘రోడ్డు’ ఉంటే అసలు ఊరు ఇంకా ఎడంగా ఉందని అర్థం. వాలాజా రోడ్డుకూ ఇదే వర్తిస్తుంది. 1915లో అనీబిసెంటు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకైనా, అదే ఏట మొదలైన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికైనా రైలులో వచ్చినవారు ఆ స్టేషనులో దిగి, మిగిలిన దూరం రోడ్డు మీద రావలసిందే. పుంగనూరు సంస్థానపు ముఖ్యపట్టణానికి పట్టాలే పడలేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప జిల్లా నుంచీ, పుంగనూరు ఉత్తరార్కాటు జిల్లా నుంచీ వచ్చి చేరాయి. రెండు జిల్లాల అంచుల మీద ఉండిపోయిన ప్రాంతం కనుక రైలుమార్గాల పటంలోనూ అంచునే మిగిలింది.

ఆవిరి యుగం ముగింపు మెల్లగా జరిగింది. చిత్తరంజన్ కర్మాగారం 1950లో ఆవిరి ఇంజన్ల తయారీకి పూనుకొని 1972లో ఆపివేసింది. ఆ వ్యవధిలో అక్కడ తయారైనవి 2,351. ఆ పేర్లలోని అక్షరాలకు అర్థం ఉంది. మొదటి అక్షరం గేజిని చెబుతుంది: డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజి, వై అంటే మీటరుగేజి, జెడ్ అంటే నారోగేజి. రెండో అక్షరం పి అయితే ప్రయాణికుల బండికి, జి అయితే సరుకుల బండికి. తయారీ ఆగిన తరవాత కూడా రెండు దశాబ్దాలకు పైగా అవి నడిచాయి. బ్రాడ్‌గేజిపై 1995లో వాటి సేవ ముగిసింది. మీటరుగేజిపై మరికొద్ది కాలం సాగింది. ఈలోగా 1992లో దేశమంతటా ఒకే గేజి అనే పథకం ఆరంభమైంది. ఇంజను పోవడమూ, దాని పట్టాలు పోవడమూ ఇంచుమించు ఒకే కాలంలో జరిగిన ప్రాంతాల్లో పరిరక్షణ గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. తూకం వేసి తుక్కుకు అమ్మడమే విధానం. నిలుపుకోవడం దానికి మినహాయింపు.

మినహాయింపుల చరిత్ర మాత్రం పాతదే. 1855లో ఇంగ్లండులోని లీడ్సులో తయారైన ‘ఫెయిరీ క్వీన్’ 1909లో విశ్రాంతి పొంది హౌరాలో దిమ్మె ఎక్కింది. 1943లో దానిని చందౌసీ రైల్వే శిక్షణ పాఠశాలకు తరలించారు. తరవాత ఢిల్లీ సంగ్రహాలయానికి చేరింది. 1997లో మళ్లీ పట్టాల మీద నడిచింది. దానిని నడిచే స్థితికి తెచ్చిన పని మద్రాసు పెరంబూరు లోకో వర్క్స్‌లో జరిగింది. దిమ్మె మీద నిలిపిన యంత్రం మరణించినట్టే అనే వాదానికి ఇది చక్కని సమాధానం. పూర్తిగా విప్పేయని యంత్రాన్ని, విప్పి బిగించగల చేతులు ఉన్నంతకాలం, మళ్లీ నడపవచ్చు.

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు సంగ్రహాలయానికి 1971లో శంకుస్థాపన చేసినవారు అప్పటి రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. సంగ్రహాలయం 1977 ఫిబ్రవరి 1న ప్రారంభమైంది. సేకరణకు సలహాదారు మైకేల్ సాటో అనే ఆంగ్లేయుడు. శంకుస్థాపన చేసినది రాష్ట్రపతి హోదాలోనే కావచ్చు. కాని బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికుల 1928 నాటి సమ్మెకు నాయకత్వం వహించి, అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య నిర్మాతల్లో ఒకరైన వ్యక్తి చేతిమీదుగా అది జరగడం గమనించదగినది. ఆ రైల్వేకు కేంద్రమైన ఖరగ్‌పూరులో తెలుగు కార్మికుల సంఖ్య పెద్దది. సంగ్రహాలయం ఇంజన్లను దాచింది. రాజుల పెట్టెలను దాచింది. గిరి ఎవరి పక్షాన సమ్మె చేశారో ఆ మనుషుల జాడ అటువంటి ప్రదర్శనశాలల్లో వెదికి పట్టుకోవలసిందే.

తెలుగువారి కోణం నుంచి చూస్తే ఢిల్లీ కన్నా నౌపడ ముఖ్యమైన ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలో మద్రాసు–హౌరా మార్గం మీద ఉన్న ఈ స్టేషను నుంచి పర్లాకిమిడికి సంస్థానాధీశుల పూనికతో రెండున్నర అడుగుల నారోగేజి మార్గం పడింది. 1900 ఏప్రిల్ 1న అది ప్రారంభమైంది. తరవాత గుణుపురం దాకా సాగింది. బెంగాల్–నాగపూర్ రైల్వే నిర్వహణ కిందికీ వచ్చింది. సరిగ్గా 36 ఏళ్లకు, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. నౌపడ మద్రాసు రాష్ట్రంలోనే మిగిలింది. ఒక చిన్న రైలు రెండు రాష్ట్రాలను, రెండు అధికార భాషలను కలుపుతూ నడవసాగింది. గుణుపురం వైపు కొండల్లో సవరలను చేర్చుకొంటే నాలుగో వంతు భాషాచరిత్ర ఈ బండి కిటికీలోంచే కనిపిస్తుందనవచ్చు. సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన గిడుగు రామమూర్తి పనిచేసిన ఊరు ఇదే. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన అక్కడ ఉండక రాజమహేంద్రవరానికి వచ్చేశారు. బండి మాత్రం ఆగలేదు. 2004లో గేజి మార్పిడి కోసం ఆపారు. 2011లో బ్రాడ్‌గేజి రైళ్లు మొదలయ్యాయి. ఆ మార్గపు ఆవిరి ఇంజను నౌపడలోని చిన్న సంగ్రహాలయంలో నిలిచింది.

నౌపడ ఉదాహరణ విలువ ఇక్కడే ఉంది. ఆ ఇంజను తాను పనిచేసిన చోటనే ఉంది. ఉద్యానాల్లో చాలా ఇంజన్లకు ఈ అదృష్టం లేదు. ఎక్కడో నడిచినదాన్ని మరెక్కడో నిలుపుతారు. సంఖ్య, తయారీ సంవత్సరం తప్ప వేరే వివరం బల్ల మీద ఉండదు. కొన్ని చోట్ల అదీ ఉండదు. శాసన పరిశోధకులకు ఈ చిక్కు కొత్త కాదు. స్థానం చెడిన శాసనం పాఠం మిగిలినా సగం సాక్ష్యం పోగొట్టుకొంటుంది.

నిజానికి ఆవిరి ఇంజనును శాసనంలాగే చదవవచ్చు. తయారీదారు పేరు, వరుససంఖ్య, సంవత్సరం ఉన్న పలక ఒకటి. డ్రైవరు గది పక్కన రంగుతో రాసిన మండల సంకేతాలు, షెడ్డు పేరు, చివరిసారి కార్ఖానాలో విప్పి బిగించిన తేదీ మరొకటి. కడ్డీల మీద, చక్రాల మీద పోటు వేసిన అంకెలు ఇంకొకటి. ఒక ఇంజనుకు మరో ఇంజను విడిభాగం బిగించిన వైనం ఈ అంకెల వల్లనే బయటపడుతుంది. ఉద్యానంలో ఏటా పండుగకు ముందు నలుపు, ఎరుపు, వెండి రంగులు దట్టంగా పూసినప్పుడు మొదట పోయేవి ఇవే. మన గుళ్లలో శాసనాల మీద సున్నం కొట్టిన పద్ధతికీ దీనికీ భేదం లేదు. ఇత్తడి పలకలు దొంగల పాలవుతాయి. బయట నిగనిగలాడుతున్న ఇంజను లోపల తినుకుపోతుంటుంది: పొగపెట్టెలో మిగిలిన బొగ్గు బూడిదకు వాననీరు తోడైతే ఆమ్లమై ఇనుమును కొరుకుతుంది. బాయిలరు చుట్టూ వేడి నిలవడానికి పలు ఇంజన్లలో ఆస్‌బెస్టాస్ చుట్టేవారు. పిల్లలు ఎక్కి ఆడే చోట నిలిపే ముందు దానిని జాగ్రత్తగా తొలగించాలి. పైన కప్పు వేయడం, పొగగొట్టం మూయడం, నీరు కిందికి పోయే దారి విడవడం వంటి చిన్న పనులు రంగు కన్నా ఎక్కువ కాలం ఇంజనును కాపాడతాయి. వాటికి ప్రారంభోత్సవాలు ఉండవు కాబట్టి నిధులూ తక్కువే.

మదనపల్లె విషయానికి వస్తే మరొక అడ్డంకి ఉంది. మీటరుగేజి చక్రాల ఎడం 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజిది 1,676. పాకాల–ధర్మవరం మార్గం 2010 ప్రాంతంలో బ్రాడ్‌గేజిగా మారింది. పీలేరు, వాయల్పాడు, ములకలచెరువు, కదిరి మీదుగా నూరేళ్లకు పైగా నడిచిన తరహా ఇంజను ఇప్పుడు తన దారిలో తన చక్రాల మీద రాలేదు. లారీ మీద రావాలి. రాదగినదేనా? మదనపల్లె రోడ్డు స్టేషనులో ఒక వై.పి. లేదా వై.జి. ఇంజనును నిలపడం సమంజసమే, అది ఆ మార్గంలో పనిచేసినట్టు షెడ్డు దస్తరాల ద్వారా రుజువైతే. కుప్పంలో బ్రాడ్‌గేజి ఇంజనుకూ ఇదే షరతు. జోలార్‌పేట నుంచి పీఠభూమి మీదికి ఎక్కే ఆ దారిలో బరువు లాగడం ఇంజనుకూ ఫైర్‌మన్‌కూ కఠిన పరీక్ష. చెప్పడానికి కథ ఉంది. పుంగనూరు ఉద్యానంలో ఇంజను పెడితే అది బొమ్మ మాత్రమే. పుంగనూరుకు పరిరక్షణ తెలియక కాదు. ఆ ఊరి పేరు మోసే పొట్టి ఆవు జాతి అంతరించే స్థితికి వచ్చినప్పుడు పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో మందగా పెంచి నిలిపారు. ఒక్క ఆవును గాజుపెట్టెలో పెట్టి జాతిని కాపాడామని అక్కడ ఎవరూ అనుకోలేదు.

ఇంజను విషయంలో మందకు సాటివచ్చేది పనివాళ్ల జ్ఞానం. కొలిమిలో బొగ్గు ఎక్కడ పలచగా, ఎక్కడ దట్టంగా పరవాలో, పొగ రంగును బట్టి మంట తీరు ఎలా గ్రహించాలో, ఎత్తు రాకముందే ఆవిరి ఎంత కూడగట్టాలో పుస్తకాల్లో కొంతే ఉంది. మిగతాది మాటల్లో ఉంది. ఆ మాటలు తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు కలగలిసి షెడ్డుల్లో పుట్టినవి. ధూమశకటం నిఘంటువుకు ఎక్కింది. షెడ్డు మాటలు ఎక్కలేదు. గిడుగువారు నోటి మాటకు పరిశోధన గౌరవం తెచ్చిన తరవాత కూడా వృత్తిపదకోశాలు వ్యవసాయం, చేనేత వంటి పాత వృత్తుల దగ్గర మొదలయ్యాయి, అది సహజమే. రైలు కార్మికుని వృత్తి కొత్తది, పైగా సర్కారు ఉద్యోగం. అది జానపద విజ్ఞానం కిందికి వస్తుందని తోచకపోయి ఉండవచ్చు. 1985లో ఇరవయ్యేళ్ల వయసులో బొగ్గు పార పట్టినవారు 2025 నాటికి అరవై నిండినవారు. డ్రైవరుగా విరమించినవారు అంతకన్నా పెద్దలు. పాకాల, ధర్మవరం, గుంతకల్లు వంటి రైలు ఊళ్లలో వారిని కలిసి, ఇంజను భాగాల ముందు నిలబెట్టి ఒక్కొక్కదాని పేరు, పని అడిగి ధ్వనిముద్రణ చేయడానికి ఏ సంగ్రహాలయ భవనమూ అక్కరలేదు. భాగాల పేర్లు ముందు, పని మాటలు తరవాత, ప్రమాదాల కథలు చివర అడగడం మేలు. కథలు ముందు మొదలైతే పేర్ల దగ్గరికి రావడం కష్టమని క్షేత్రపర్యటన చేసినవారికి తెలుసు.