హాబ్ (వంట పొయ్యి)

వంటగట్టు పలకను కోసి, అందులో ఇమిడేలా బిగించే పొయ్యిని హాబ్ అంటారు. మామూలు స్టవ్‌లా జరపడం కుదరదు కనుక, గ్రానైట్ కోయించక ముందే రకం తేల్చుకోవాలి.

గ్యాస్ హాబ్: మట్టి చట్టి, ఇత్తడి గిన్నె, గుండ్రటి అడుగున్న మూకుడు అన్నీ దీనిమీద పనికొస్తాయి. పచ్చడికి వంకాయ కాల్చాలంటే మంటే కావాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది. లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందువల్ల ఫ్లేమ్ ఫెయిల్యూర్ రక్షణ ఉన్నదే కొనాలి. అది ఉంటే, పాలు పొంగి మంట ఆరినా, బర్నర్ పక్కనున్న సన్నని కడ్డీ చల్లబడగానే గ్యాస్ దానంతటదే ఆగిపోతుంది.

ఇండక్షన్ హాబ్: మారుతున్న అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది, వేడి వృథా తక్కువ. అయస్కాంతం అంటుకునే, చదునైన అడుగున్న పాత్రలే వాడాలి. 2000 వాట్ల గడి (గిన్నె పెట్టే చోటు) పూర్తి శక్తితో గంట నడిస్తే 2 యూనిట్ల కరెంటు కాలుతుంది. నాలుగు గడులున్న హాబ్‌కు ప్రత్యేక వైరింగ్ అవసరం.

ఎంపిక: కరెంటు కోతలుంటే గ్యాస్ మేలు. చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్నచోట మంట లేని ఇండక్షన్ నయం. రెండూ కలిసిన హాబ్‌లూ దొరుకుతాయి.