తీగ గొంతుగా మారిన చోట: రాక్ గిటారు, పాలకొల్లు మాండలిన్

1960ల్లో రాక్ గిటారుతో పేరు తెచ్చుకున్నవారిలో కొందరు అర్ధశతాబ్దం దాటినా వేదిక దిగలేదు. కీత్ రిచర్డ్స్ పుట్టింది 1943లో, ఎరిక్ క్లాప్టన్ 1945లో. ఇద్దరికీ ఎనభై నిండాయి. 2023 జనవరిలో కన్నుమూసిన జెఫ్ బెక్ అంతకుముందు ఏడాది కూడా కచేరీలు చేశాడు. ఈ దీర్ఘాయువుకు కీర్తినీ రికార్డు వ్యాపారాన్నీ కారణాలుగా చెప్పడం పరిపాటి. అసలు కారణం నాదంలో ఉందని నా వాదన. అందుకు బలమైన ఆధారం మన గోదావరి ఒడ్డునే దొరుకుతుంది. కోనసీమలోని మామిడికుదురు నుంచి రాజోలు మీదుగా దిండి చేరి, చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటితే పాలకొల్లు. మాండలిన్ శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఊరు అది.

మాండలిన్ కర్ణాటక సంగీతానికి లొంగే వాద్యం కాదు. జంటలుగా బిగించిన ఎనిమిది తీగలు, ఇరుకు మెట్లు, మీటగానే అణిగిపోయే ధ్వని. స్వరాన్ని ఊపే గమకానికి తీగను పక్కకు లాగాలి, లాగినంతసేపూ నాదం నిలవాలి. జంట తీగల మీద ఈ రెండూ కష్టమే. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదు తీగల విద్యుత్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. విద్యుత్తు ఆయనకు బిగ్గరగా వినిపించడానికి మాత్రమే కాదు, స్వరాన్ని సాగదీసి నిలపడానికి పనికొచ్చింది. రాక్ గిటారిస్టులు యాంప్లిఫయర్ నుంచి రాబట్టుకున్నదీ ఇదే గుణం. అందుకే రెండు సంప్రదాయాలనూ ఒకే ప్రశ్నతో పరీక్షించవచ్చు: తీగ ఎప్పుడు గొంతుగా మారుతుంది?

శ్రీనివాస్ విషయంలో జవాబు గురువు దగ్గరే ఉంది. తండ్రి సత్యనారాయణ దగ్గర పాఠం మొదలైంది. గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతం పరిచయం చేశాడు. ఆపైన కర్ణాటక గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు చేరదీశారు. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీదికి తెచ్చేవాడు. గురువు వేళ్లను చూసి నేర్చుకునే వీలు లేనప్పుడు, పాటలోని ప్రతి ఊపుకూ తన వేళ్లే దారి వెతుక్కోవాలి. ఈ లోటే శ్రీనివాస్ బాణీకి పునాది అయిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. అప్పటికి వయసు పద్నాలుగు.

అవతలి ఒడ్డు నుంచి ఇదే దారిన వచ్చినవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. ఇంగ్లండులో 1942లో పుట్టి, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాతో రాక్, జాజ్‌లను కలిపి మోగించిన ఈయన అమెరికాలో కర్ణాటక విద్వాంసుడు ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌తో కలిసి నడిపిన శక్తి బృందం కోసం మెట్ల మధ్య చెక్కను గుంటగా తొలిపించిన గిటారు చేయించుకున్నాడు. తీగ లోతుగా లాగడానికి వీలుగా చేసిన ఆ మార్పు మన వీణ ఆలోచనే. జెఫ్ బెక్ 1980ల్లో మీటుబిళ్ల వదిలి ఉత్త వేళ్లతో వాయించడం మొదలుపెట్టాడు. వేళ్లు తీగ మీద, చిటికెనవేలు ధ్వని మీట మీద. మనిషి గొంతులోని హెచ్చుతగ్గులు వాద్యంలోకి రావాలన్న తపన అది. వేగాన్ని మాత్రమే నమ్ముకున్న వాదనం వేళ్ల చురుకు తగ్గగానే వెలవెలబోతుంది. పాడటం నేర్చిన తీగకు వయసుతో చెప్పవలసింది పెరుగుతుంది.

1990ల చివర మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ మళ్లీ కలిసి ‘రిమెంబర్ శక్తి’ మొదలుపెట్టాక శ్రీనివాస్ అందులో చేరాడు. వయసులో తనకన్నా ఇరవై ఏడేళ్లు పెద్దవాడైన గిటారిస్టు పక్కన ఆయన సాటివాడిగానే కూర్చున్నాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించాడు. బతికింది నలభై ఐదేళ్లే అయినా వేదిక మీద గడిపింది ముప్ఫై ఆరేళ్లు. దీర్ఘకాల కళాజీవితాల చరిత్ర రాసేవారు ఎనభై దాటినవారిని మాత్రమే లెక్కిస్తే ఈ ముప్ఫై ఆరేళ్లు చూపుకు అందవు. అది పద్ధతిలోని లోపం.

పాలకొల్లు, గుడివాడ ప్రాంతాల్లో బాలుడిగా ఆయన వాయిస్తుంటే విన్న తరం వృద్ధాప్యంలో ఉంది. సుబ్బరాజుగారు పాఠం చెప్పిన తీరు, తొలి వాద్యానికి చేసిన మార్పులు వారి జ్ఞాపకాల్లోంచి ఇప్పుడే రికార్డు చేయాలి. కోనసీమ, పశ్చిమ గోదావరి కళాశాలల్లోని సంగీత, చరిత్ర పరిశోధకులు ఈ పనికి వెంటనే పూనుకోవాలని కోరుతున్నాను.