బండి ఒక్కటే అయితే అంబులెన్సు కాదు

మా విశాఖ మధురవాడ కార్‌షెడ్ జంక్షన్ దగ్గర హైవే మీద ఎవరికైనా దెబ్బ తగిలితే, ఒకప్పుడు ఎదురొచ్చిన ఆటోయే అంబులెన్సు. తలో చెయ్యీ, తలో కాలూ పట్టి ఎత్తేసేవారు. మెడ కదపకూడదన్న సంగతి ఎవరికీ తెలీదు. ఎండాడ, హనుమంతవాక దాటి కేజీహెచ్ ఆసుపత్రి చేరేదాకా మనిషిని పట్టుకు కూర్చోవడమే వైద్యం. పోలీసు కేసవుతుందని మొహం చాటేసిన ఆటోవాళ్లనీ చూశాను, వాళ్లని తప్పు పట్టను.

2005 ఆగస్టు 15న ఈఎంఆర్‌ఐ అనే సంస్థ హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు మొదలుపెట్టాక ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) అనే కొత్త కొలువు పుట్టింది. సైన్సు డిగ్రీ ఉన్న కుర్రాళ్లకి కొన్ని వారాల శిక్షణ ఇచ్చి బండెక్కించారు. నేనూ అలా ఎక్కినవాణ్ణే. ‘డ్రైవరు పక్కన కూర్చునే ఉద్యోగమేట్రా?’ అంది మా అమ్మ. 2007లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఈఎంఆర్‌ఐతో కలిసి రెండేళ్ల పారామెడిక్ కోర్సు పెట్టారు. 2009లో ఈఎంఆర్‌ఐ వెనకున్న సత్యం కంపెనీ కూలి నిర్వహణ జీవీకే చేతికెళ్లినా బండ్లు మాత్రం ఆగలేదు.

తరగతిలో బొమ్మ ఛాతీ నొక్కితే టక్కుమంటుంది. గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కితే ఒక్కోసారి పక్కటెముక విరుగుతుంది, అయినా చెయ్యి ఆపకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు అని పుస్తకం చెప్తుంది. విరిగిన చప్పుడు విన్నాక లెక్క తప్పకుండా ఉండటం క్యాజువాలిటీలోనే అబ్బుతుంది. ‘నరం కంటితో వెతక్కు బాబూ, వేలితో వెతుకు’ అని అక్కడి సిస్టరమ్మ చెప్పిన మాటే ఇప్పటికీ నా దగ్గర నేర్చుకునే పిల్లలకి చెప్తున్నాను. పైలట్, అంటే మా బండి డ్రైవరు, నేర్పింది వేరు. ‘రామాలయం దగ్గర’ అని ఫోనొస్తే ఏ రామాలయమో అడగాలి, కొమ్మాదిలోదా, పీఎం పాలెంలోదా అని.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు లీకై జనం రోడ్ల మీదే పడిపోయారు. అలాంటి చోట ముందు ఆ గాలిలోంచి మనిషిని బయటికి తేవాలి, ఆక్సిజన్ తర్వాత. రక్షించబోయినవాడే పడిపోతే ఇంకో బండి కావాలి. కంపెనీల ఊళ్లో పనిచేసేవాడికి ఇది మొదటి పాఠం కావాలి, మా సిలబస్‌లో మాత్రం ఎక్కడో చివరన ఉండేది.

ఫీల్డుకొచ్చే పిల్లలు షిఫ్టు మొదట్లోనే సిలిండర్ గేజీ తామే చూసుకోవాలి, కేస్ షీటు తామే రాయాలి. రోగిని అప్పగించేసి టీకి పోకుండా డాక్టరు ఏం కనిపెట్టాడో నిలబడి వినాలి. మర్నాడు వెళ్లి, ఆ మనిషి ఏమయ్యాడో అడగాలి. మన అంచనా ఎంత నిజమో చెప్పేది ఆ కబురే.

2021 నాటి అనుబంధ వైద్య వృత్తుల చట్టం మా పనిని కూడా జాబితాలో చేర్చింది. బాగుంది. కానీ శిక్షణ ప్లేస్‌మెంట్‌కి వచ్చినవాళ్లని స్ట్రెచర్లు తోయడానికే వాడుకునే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. అయ్యా, పక్కన నిలబడి చూస్తూనే ఆ పిల్లల చేతికి సూది ఇవ్వండి. రేపు హైవే మీద మీ ఇంటివాళ్ల దగ్గరకి ముందు చేరేది వాళ్లే.