సైన్‌ఫెల్డ్: తొలి ప్రేక్షక స్పందన

అమెరికన్ హాస్య ధారావాహిక 'సైన్‌ఫెల్డ్'ను జెర్రీ సైన్‌ఫెల్డ్, లారీ డేవిడ్ రూపొందించారు. దీని తొలి భాగం 'ది సైన్‌ఫెల్డ్ క్రానికల్స్' పేరుతో 1989 జులై 5న ఎన్‌బీసీలో ప్రసారమైంది. అంతకుముందే ఎంపిక చేసిన ప్రేక్షకులకు చూపి అభిప్రాయాలు సేకరించగా ఫలితం నిరాశపరిచింది. కథానాయకుడి జీవితం విసుగ్గా ఉందని, చుట్టూ ఉన్న పాత్రల్లో బలం లేదని చాలామంది తేల్చేశారు. ఆ మాటలో కొంత నిజముంది: తర్వాత ధారావాహికకు ప్రాణంగా నిలిచిన ఎలైన్ పాత్ర అందులో అసలు లేనే లేదు.

అయినా ఎన్‌బీసీ అధికారి రిక్ లడ్విన్ నమ్మకం వదలలేదు. ప్రత్యేక కార్యక్రమాలకు కేటాయించిన సొమ్ముతో మరో 4 భాగాలు తీయించాడు. టెలివిజన్ చరిత్రలో ఇంత విలువైన మొండి పట్టుదల అరుదు. 1990 వేసవిలో వచ్చిన ఆ భాగాల్లో జూలియా లూయీ-డ్రైఫస్ ఎలైన్‌గా చేరింది. పెద్ద కథంటూ లేకుండా, రోజువారీ చిన్న చిన్న చిరాకులతోనే నవ్వించే తీరుకు ప్రేక్షకులు క్రమంగా అలవాటుపడ్డారు. 1998 మే 14న ప్రసారమైన చివరి భాగాన్ని అమెరికాలో సుమారు 7.6 కోట్ల మంది చూశారు.