తాయెత్తులు, రక్షరేకుల వ్యాపారం (గుంటూరు, ప్రకాశం మైదానాలు)

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల్లో దిష్టి, గాలి, చేతబడి వంటి భయాలకు విరుగుడుగా ఒంటికి కట్టుకునే, లేదా ఇంటికి, పొలానికి, బండికి కట్టే వస్తువుల తయారీ, అమ్మకం ఈ వ్యాస విషయం. తాయెత్తు, రక్షరేకు, యంత్రం, నల్లతాడు, బూడిదగుమ్మడికాయ, నిమ్మకాయ మిరపకాయల దండ దీని కిందికి వస్తాయి. జాతిరత్నాల ఉంగరాల లెక్క వేరు కాబట్టి వాటిని కలపలేదు. జిల్లాల పేర్లను 2022 ఏప్రిల్ పునర్విభజనకు ముందున్న అర్థంలోనే వాడాం. అంటే నేటి పల్నాడు, బాపట్ల ప్రాంతాలు కూడా ఇందులో భాగమే.

పాత ఆధారాల్లో ఎక్కువమంది ఉటంకించేది మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత శకునాలు, మూఢనమ్మకాలపై 1912లో ప్రచురించిన పుస్తకం. ఆ వివరాలను 1912 నాటివిగా చూపడం అలవాటైపోయింది. అయితే అందులో దిష్టి, తాయెత్తులకు సంబంధించిన భాగానికి మూలం 1906 నాటి ఆయన గ్రంథంలోని ఒక అధ్యాయం. దాన్నే పెంచి రాశానని ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు. కనుక ఆ సమాచారంలో కొంతైనా 1906కు ముందు సేకరించినదనుకోవడమే సబబు. పైగా థర్‌స్టన్ మద్రాసు రాజధాని మొత్తాన్ని ఒక గాటన కట్టి రాశాడు. ఆయన చెప్పినదంతా గుంటూరు పల్లెలకు వర్తిస్తుందని అనుకోరాదు.

తయారీ

రక్షరేకుకు సాధారణంగా పలుచని రాగిరేకు వాడతారు. వెండి, బంగారం స్తోమతను బట్టి. రేకును కత్తెరతో వేలెడు వెడల్పున కత్తిరించి, చింతపండుతో తోమి, బల్లపరుపు చెక్కపై పరిచి ఇనుప మొనతో గళ్లు గీస్తారు. గళ్లలో బీజాక్షరాలో అంకెలో వేస్తారు. మూడు వరుసల తొమ్మిది గళ్ల యంత్రంలో 1 నుంచి 9 వరకు అంకెలు పేర్చితే నిలువునా, అడ్డంగా, మూలలకూ ఎటు కూడినా 15 వస్తుంది. ఇలాంటి అంకెల గళ్లు ఆలయాల దగ్గర దొరికే యంత్రాల్లోనూ, దర్గాల దగ్గర రాసిచ్చే తావీజుల్లోనూ కనిపిస్తాయి. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారన్న వాదులాట ఎలా ఉన్నా, కొనేవాళ్లు మాత్రం ఇద్దరి దగ్గరికీ వెళతారు. పెదకాకానిలో మల్లేశ్వరస్వామి ఆలయం, బాజీబాబా దర్గా ఒకే ఊళ్లో ఉండటం ఇందుకు వీలుగా ఉంది.

గీసిన రేకుకు పసుపు కుంకుమలు పెట్టి, జపం చేసి, చుట్టచుట్టి గొట్టంలో దూర్చి, మూతిని లక్కతోనో మైనంతోనో మూస్తారు. ఖాళీ గొట్టాలు పూజాసామగ్రి దుకాణాల్లో గుత్తగా, చాలా చవకగా దొరుకుతాయి. వెండి గొట్టమైతే కంసాలి తూకం, తరుగు, మజూరీ లెక్కగట్టి చేసిస్తాడు. ఇంతవరకు ఇది మామూలు లోహపు పనే.

ధర

ధరలో ఎక్కువ భాగం లోహానిది కాదు, జపానిది. ఎన్ని రోజులు పూజలో ఉంచారు, ఎవరు కట్టారు, ఎవరి చేతి గుణం ఎలాంటిది అన్నవే వెలను నిర్ణయిస్తాయి. మండలం రోజులు పూజలో ఉంచిన రేకుకూ అప్పటికప్పుడు చుట్టిచ్చిన రేకుకూ పైకి తేడా తెలియదు, తేల్చే మార్గమూ లేదు. అందుకే కొనేవాడు వస్తువును గాక మనిషిని చూసి కొంటాడు. కట్టే మనిషి కూడా ధర చెప్పకుండా తాంబూలంలో దక్షిణ పెట్టమంటాడు. బేరమాడితే ఫలించదన్న నమ్మకం అతనికి అనుకూలంగా పనిచేస్తుంది. దక్షిణ స్వచ్ఛందమని కొందరు రాశారు గానీ, ఊళ్లో ఎవరు ఎంత ఇచ్చారో అందరికీ తెలిసే చోట అది అలిఖిత ధరే అనడం వాస్తవానికి దగ్గర.

ఈ సరుకుకు రెండో అంగడి లేదు. పేరు, నక్షత్రం చెప్పి కట్టించుకున్న తాయెత్తు మరొకరికి పనికిరాదంటారు. చావింటికీ పురిటింటికీ వెళ్లినప్పుడు మైల సోకి శక్తి పోయిందనుకుంటే మళ్లీ కట్టించుకోవాలి. పాతది పారే నీటిలో వదులుతారు. వెండి గొట్టాన్ని కరిగిస్తే చేతికొచ్చేది వెండి ఖరీదు మాత్రమే. జపానికి పెట్టినది అక్కడితో సరి.

ఊహాలోకపు మంత్రవస్తువుల వ్యాపారం ఇందుకు పూర్తిగా భిన్నం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే ఆటల్లో మహిమగల కత్తికీ ఉంగరానికీ ధరల పట్టికలుంటాయి. 2000 నాటి మూడో కూర్పు నిబంధన ప్రకారం వస్తువు తయారీకి దాని ధరలో సగం బంగారు నాణేలు, ఇరవై ఐదో వంతు అనుభవ పాయింట్లు ఖర్చవుతాయి. 2000 నాణేల ఉంగరానికి 1000 నాణేలు, 80 పాయింట్లు, రెండు రోజుల పని. అమ్మబోతే మామూలుగా సగం ధరే, అంటే ఆ 1000 నాణేలే వస్తాయి. నాణేల్లో లాభం సున్నా, పైగా 80 పాయింట్లు నష్టం. ఆటగాళ్లు సాహసాలు మాని కొట్టు పెట్టుకోకుండా వేసిన కట్టడి ఇది. 2008 నాటి నాలుగో కూర్పు అమ్మకం ధరను ఐదో వంతుకు దించింది. 2014 నాటి ఐదో కూర్పు స్థిరమైన ధరలు వదిలి, అరుదుతనాన్ని బట్టి శ్రేణులు పెట్టింది. అక్కడ మహిమ ఖాయం, లాభం లేదు. మన మైదానాల్లో లాభం ఖాయం, మహిమ మాత్రం కొనేవాడి నమ్మకం.

వాడి పారేసేవి

నికరంగా రాబడినిచ్చేవి తాయెత్తులు కావు, వారం వారం మార్చేవి. లారీలకు, ఆటోలకు, దుకాణాలకు కట్టే దండలో ఒక నిమ్మకాయ, సాధారణంగా ఏడు మిరపకాయలు ఉంటాయి. ఎండిపోగానే తీసి, ఎక్కువగా శనివారమో మంగళవారమో, కొత్తది కడతారు. బూడిదగుమ్మడికాయలకు అమావాస్య ముందు, దసరా ఆయుధపూజకు గిరాకీ. గుంటూరు మిర్చి వ్యాపారానికి ఈ దండలూ ఊతమని అప్పుడప్పుడు వినబడే మాట సరికాదు. దండకు వాడేది పచ్చిమిర్చి, గుంటూరు యార్డుకు వచ్చేది ఎండుమిర్చి. ఎండుమిర్చి దిష్టికి ఉపయోగపడేది ఇంట్లోనే. ఉప్పుతో కలిపి తిప్పి నిప్పుల్లో వేస్తారు, ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందంటారు. దానికి ఎవరూ డబ్బు తీసుకోరు.

పొలానికి సున్నపు బొట్లు పెట్టిన కుండ, గడ్డితో చేసిన దిష్టిబొమ్మ చాలు, రెండూ ఖర్చులేనివే. 2018లో పొరుగున నెల్లూరు జిల్లా రైతు ఒకరు తోటకు దిష్టి తగలకుండా సినీతార ఫ్లెక్సీలు కట్టడం పత్రికలకెక్కింది. ఫ్లెక్సీకి డబ్బు పెట్టాలి కాబట్టి దీన్ని కొత్త పోకడగానే లెక్కించాలి.

కాలం, చోటు

పత్తి తీత, మిరప కోతల డబ్బు చేతికందేది శీతాకాలం నుంచి వేసవి తొలినాళ్ల వరకు. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ మహాశివరాత్రి తిరునాళ్ల సరిగ్గా ఆ మధ్యలోనే వస్తుంది. ప్రభల సందడిలో నల్లతాళ్లు, రుద్రాక్షలు, రేకులు అమ్మే తాత్కాలిక దుకాణాలకు అదే సీజను. దేవాదాయ శాఖ ఆలయాల దగ్గర దుకాణాల హక్కును వేలంలో పాడుకోవాల్సి ఉంటుంది గనుక ఆ పాట సొమ్ము సరుకు ధరలో కలుస్తుంది. అద్దంకి దగ్గరి శింగరకొండలో మానసిక బాధలున్నవారు ప్రసన్నాంజనేయస్వామి సన్నిధిలో కొన్నాళ్లు నిద్రచేసే ఆచారం ఉంది. అక్కడ కొనేది వస్తువుకన్నా ఆ నివాసమే.

కష్టకాలంలో కూడా గిరాకీ పెరుగుతుందంటారు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి ఈ రెండు జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలకు దారితీసిన రోజులను ఇందుకు ఉదాహరణ చూపుతారు. ఆనాటి అప్పుల్లో పురుగుమందుల వాటా గురించి చాలా రాశారు, తాయెత్తుల వాటా చెప్పుకోదగ్గదిగా తోచదు.

చట్టం

1954 నాటి మందులు, మహిమల చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం తాయెత్తు, మంత్రం, కవచాలను పేరుపెట్టి నిర్వచనంలో చేర్చింది. రోగం నయం చేస్తాయని వాటిని ప్రకటించడం నేరం. మొదటిసారి శిక్ష ఆరు నెలల వరకు, మళ్లీ చేస్తే ఏడాది వరకు. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం టీవీల్లో హనుమాన్ చాలీసా యంత్రం ప్రకటనలు చట్టవిరుద్ధమని చెప్పింది. అయితే ఆ తీర్పుకు ఆధారం ప్రధానంగా 2013 నాటి మహారాష్ట్ర చట్టం. 2017 జులైలో వచ్చిన జీఎస్టీ రుద్రాక్ష, విభూతి, రక్షాసూత్రం వంటి పూజాసామగ్రిని పన్ను లేని జాబితాలో పెట్టింది. 1954 చట్టం నిషేధించింది ప్రకటనను మాత్రమే. తాయెత్తు కట్టడం, కట్టించుకోవడం, అమ్మడం ఆ చట్టం కింద నేరం కావు.